హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి: తూర్పు దారా, పడమటి దారా?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి, భూమి వంపు వెంట దగ్గరి దారి కొలిస్తే, దాదాపు 13,540 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానం లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట దిగి ఇంకోటి ఎక్కక తప్పదు. ఆ దిగే చోటు దుబాయా, దోహానా, ఫ్రాంక్‌ఫర్టా, లండనా, ఢిల్లీయా, సింగపూరా, హాంకాంగా అన్నదే అసలు ప్రశ్న. టికెట్ల సైట్ తెరిస్తే ధరల వరసలో పేర్చి, పక్కన మొత్తం గంటలు వేసి చూపిస్తుంది. ఆ రెండు అంకెలు చూసి చాలామంది కొనేస్తారు. ఎక్కేది పాతికేళ్ళ కుర్రాడైతే పర్వాలేదు. అరవై దాటిన అమ్మానాన్నలైతే మాత్రం, ఆ గంటలు ఎక్కడెక్కడ ఎలా ఖర్చవుతున్నాయో విడదీసి చూడాలి.

ముందు దూరం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే దాని గురించి పడే టెన్షన్‌లో సగం అనవసరం. భూగోళం మీద హైదరాబాద్‌కి శాన్‌ఫ్రాన్సిస్కో దాదాపు అవతలి పక్కన ఉంటుంది. అందుకే తూర్పుగా వెళ్ళినా చేరతాం, పడమరగా వెళ్ళినా చేరతాం. నిజానికి అన్నిటికన్నా దగ్గరి దారి ఈ రెండూ కాదు. నేరుగా ఉత్తరానికి, కాస్త తూర్పుకి వాలి, చైనా, సైబీరియా, అలాస్కాల మీదుగా పోతుంది. ఢిల్లీలో మారితే ఆ దగ్గరి దారికి వంద కిలోమీటర్లే అదనం, మొత్తం 13,650. హాంకాంగ్ మీదుగా 14,870. దుబాయ్ మీదుగా 15,570, దోహా అయితే 15,900. ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ దారులు 16,300 అటూఇటూ. అన్నిటికన్నా పొడుగు సింగపూర్ దారి, 16,890. ఇవన్నీ దగ్గరి దారి లెక్కలే. గాలి, తమ గగనతలం మూసిన దేశాలు, రద్దీ కలిస్తే విమానం నడిచేది ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

పొట్టి దారికీ పొడుగు దారికీ తేడా 3,240 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగం లెక్కన అది మూడున్నర గంటల పైచిలుకు. అదే, మధ్యలో ఆగే సమయం టికెట్‌ని బట్టి రెండు గంటల నుంచి పధ్నాలుగు, పదహారు గంటల దాకా మారుతుంది. దూరంలో మిగిల్చుకున్నదంతా ఒక్క చెడ్డ కనెక్షన్ మింగేస్తుంది.

పైగా తక్కువ దూరం అంటే తక్కువ సమయం అని కూడా కాదు. ఎయిరిండియా 2016 అక్టోబరులో తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా పంపింది. దూరం 1,400 కిలోమీటర్ల దాకా పెరిగి 15,300 అయింది. సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పధ్నాలుగున్నర గంటలకు వచ్చింది. పైన ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనక నుంచి తోస్తే అంత పని చేస్తుంది. చలికాలంలో ఆ గాలి ఇంకా బలంగా ఉంటుంది. అందుకే హాంకాంగ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి పన్నెండు, పన్నెండున్నర గంటల్లో వెళ్ళిపోయే విమానం, తిరిగి వచ్చేటప్పుడు పధ్నాలుగు దాటిస్తుంది. దుబాయ్ నుంచి వెళ్ళేది దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది కాబట్టి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ పదహారు గంటల చుట్టూనే ఉంటుంది.

టికెట్ మీద టైములు చదవడం

బయల్దేరే టైము మనది, దిగే టైము వాళ్ళది. కాలిఫోర్నియా గడియారం మనకన్నా వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ఆ గంట అటూఇటూ అవుతుంది. జనవరిలో సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో బయల్దేరి, అదే సోమవారం మధ్యాహ్నం 1 గంటకు దిగుతారని టికెట్ మీద ఉందనుకోండి. చూడ్డానికి తొమ్మిది గంటల ప్రయాణం. దానికి పదమూడున్నర కలిపితే ఇరవై రెండున్నర గంటలు, అదీ అసలు సంగతి. ఈ దారిలో ఇరవై రెండు, ఇరవై మూడు గంటల్లో చేర్చే టికెట్ దొరికితే అది మంచి టికెట్టే. ఇరవై ఆరు దాకా భరించవచ్చు. ముప్పై దాటిందంటే, ధర ఎంత తగ్గిందో చూసుకుని, ఆ తేడా డబ్బులకి మీరైతే ఒక విమానాశ్రయం కుర్చీలో రాత్రంతా కూర్చుంటారా అని మిమ్మల్ని మీరే అడగండి. అమ్మానాన్నలని కూర్చోబెట్టేముందు ఆ ప్రశ్నకి జవాబు మీరే చెప్పుకోవాలి.

గల్ఫ్ దారి

మనవాళ్ళలో ఎక్కువమంది పోయే దారి ఇదే. దానికి కారణం అలవాటొక్కటే కాదు. మొదటి విమానం నాలుగు గంటల లోపు. ఇల్లు వదిలిన హడావిడి తగ్గేలోపు దుబాయ్ వచ్చేస్తుంది. ఆ విమానంలో తెలుగు వినపడకుండా ఉండదు. దిగాక ఎటు పోవాలో తెలియకపోతే అడగడానికి హిందీ వచ్చినవాళ్ళు అడుగడుగునా ఉంటారు. ఇంగ్లీషుకి జంకే పెద్దవాళ్ళకి ఇది చిన్న సుఖం కాదు. విమానాశ్రయం లోపలే మారడానికి వీసా అక్కర్లేదు.

ఇబ్బంది రెండో ముక్కలో ఉంది. దుబాయ్ నుంచైనా దోహా నుంచైనా శాన్‌ఫ్రాన్సిస్కోకి 13,000 కిలోమీటర్లు, పదహారు గంటలు ఒకే సీట్లో. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, కాళ్ళు వాచేవాళ్ళకి ఇది పరీక్షే. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందని డాక్టర్లు చెప్పే మాట ఊరికే అన్నది కాదు. ఈ దారిలో వెళ్తే నడవా పక్క సీటు ముందే తీసుకోవాలి, డబ్బులు అడిగినా సరే. కిటికీ పక్కన కూర్చోబెడితే, పక్కవాళ్ళని లేపడానికి మొహమాటపడి మన పెద్దవాళ్ళు నీళ్ళు తాగడమే మానేస్తారు. ఇది నేను చాలామంది విషయంలో చూశాను.

దుబాయ్‌లో దిగిన చోటికీ మళ్ళీ ఎక్కే గేటుకీ మధ్య చాలాసార్లు రైలు కూడా ఎక్కాలి. తొంభై నిమిషాల కనెక్షన్ సైట్ అమ్ముతుంది కదా అని పెద్దవాళ్ళకి కొనకండి. రెండున్నర నుంచి నాలుగు గంటలుంటే సుఖం. వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే అడిగి పెట్టాలి. అది జబ్బున్నవాళ్ళకే అని మొహమాటపడే నాన్నలు చాలామంది ఉంటారు. దారి తెలియనివాళ్ళని గేటు దాకా చేర్చే మనిషి అని చెబితే ఒప్పుకుంటారు.

ఈ దారికి ఇంకో గుణం, గొడవలు వస్తే ఒక్కసారిగా మూతపడుతుంది. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలం కొన్ని గంటలు మూసేసింది. అప్పుడు దోహా మీదుగా టికెట్లున్నవాళ్ళ పాట్లు అందరూ చూశారు. పశ్చిమాసియాలో వార్తలు వేడిగా ఉన్న నెలల్లో టికెట్ మార్చుకునే వీలున్న రకం కొనడం మంచిది.

తూర్పు దారి

గంటలే ముఖ్యమైతే హాంకాంగ్. శంషాబాద్ నుంచి అయిదు గంటల పైచిలుకు, అక్కణ్ణుంచి పన్నెండున్నర. గాల్లో ఉండేది మొత్తం పద్దెనిమిది గంటల లోపే, గల్ఫ్ దారికన్నా రెండు గంటలు తక్కువ. కేథే పసిఫిక్ హైదరాబాద్ విమానాలు 2025 మార్చి చివర్లో మళ్ళీ మొదలయ్యాక ఈ దారి తెరుచుకుంది. మన దగ్గర ఇంకా పెద్దగా ఎవరూ పట్టించుకోవట్లేదు, నాకైతే ఇది బాగా నచ్చిన దారి. అయితే రోజూ విమానం ఉంటుందని అనుకోకుండా మీ తేదీకి కనెక్షన్ సరిగ్గా కుదిరిందో లేదో చూడాలి. కుదరకపోతే అక్కడే పది గంటలు పడిగాపులు.

సింగపూర్ దారి కాగితం మీద అన్నిటికన్నా పొడుగు, కానీ పసిఫిక్ గాలి తోడుంటుంది కాబట్టి వెళ్ళేటప్పుడు అంత అనిపించదు. శంషాబాద్ నుంచి నాలుగున్నర గంటలు, తర్వాత పదిహేనున్నర నుంచి పదహారు. తిరుగు ప్రయాణంలో మాత్రం పదిహేడు దాటుతుంది. ఛాంగీ విమానాశ్రయంలో ఆగడం ఒక శిక్షలా ఉండదు. కాళ్ళు చాపుకునే కుర్చీలుంటాయి, శుభ్రం సరేసరి. చంటిపిల్లతో వెళ్ళే తల్లికి నేనైతే ఇదే చెబుతాను, ధర మరీ ఎక్కువ లేకపోతే.

విశాఖ వాళ్ళకి ఇక్కడ ఒక లాభం ఉంది. విశాఖపట్నం నుంచి సింగపూర్‌కి స్కూట్ విమానం నేరుగా ఉంది, అది సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారిదే. రెండు ముక్కలూ ఒకే టికెట్‌లో కుదిరితే హైదరాబాద్ దాకా రావడమే తప్పుతుంది. దూరం కూడా హైదరాబాద్ నుంచి అదే దారిలో వెళ్ళేదానికన్నా నాలుగు వందల కిలోమీటర్లు తక్కువ. అసలు మొత్తం ప్రయాణం ఇంటి గడప నుంచి లెక్కేయాలి. విజయవాడ నుంచి శంషాబాద్‌కి కారులో అయిదు గంటలు, విమానాశ్రయంలో ముందుగా ఉండాల్సింది మూడు గంటలు. హాంకాంగ్ దారి మిగిల్చిన రెండు గంటల గురించి కొట్టుకునేముందు ఈ ఎనిమిది గంటలు గుర్తుంచుకోండి. అనంతపురం, హిందూపురం వాళ్ళు బెంగళూరు చూసుకోవడమే మేలు. దేవనహళ్ళి విమానాశ్రయం మన వైపు హైవే మీదే ఉంది, ఊళ్ళోకి పోనక్కర్లేదు. నెల్లూరు, తిరుపతి వాళ్ళకి చెన్నై.

యూరప్ దారి

ఈ దారికి పేరు తక్కువ, గుణం ఎక్కువ. ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా 2024 జనవరి నుంచి హైదరాబాద్ నుంచి నేరుగా నడుపుతోంది. లండన్‌కి బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎప్పటినుంచో ఉంది. ముక్కలు దాదాపు సమానం: మొదటిది తొమ్మిదిన్నర, పది గంటలు, రెండోది పదకొండు, పదకొండున్నర. మొత్తం గాల్లో గంటలు ఇరవై ఒకటి దాకా అవుతాయి, గల్ఫ్ కన్నా గంట ఎక్కువ. కానీ ఏ ముక్కా పన్నెండు దాటదు. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి నాలుగు ప్లస్ పదహారు కన్నా పది ప్లస్ పదకొండు నయం. మధ్యలో దిగి ఓ అరమైలు నడవడం ఆ ఒంటికి మందే.

అడ్డం వచ్చేది కాగితాలు. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే ఈ రెండు చోట్లా లోపలే విమానం మారడానికి మామూలుగా వేరే వీసా అడగరు. చిక్కంతా తిరుగు ప్రయాణంలో. హెచ్1బీ అనే అమెరికా ఉద్యోగ వీసా మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు అయిపోయి, ఐ-797 అనే అమెరికా ప్రభుత్వ ఆమోద కాగితం మీద ఉద్యోగం చేసుకుంటూ, కొత్త స్టాంప్ వేయించుకోవడానికే (స్టాంపింగ్) ఇండియాకి వచ్చేవాళ్ళు మనలో ఎంతోమంది. వాళ్ళకి లండన్‌లోనూ యూరప్‌లోనూ ట్రాన్సిట్ వీసా మెలిక పడవచ్చు, చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేసే ప్రమాదముంది. నియమాలు మారుతుంటాయి కాబట్టి కొనేముందు ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్ చూసుకోవాలి. అంత తీరిక లేకపోతే గల్ఫ్ దారో సింగపూర్ దారో పట్టడం ఉత్తమం.

తిండి గురించి ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, యూరప్ విమానాల్లో ఎక్కువ అవసరం పడుతుంది కాబట్టి. శాకాహారులైతే ఒక రోజు ముందే ఏవీఎంఎల్ అనే కోడ్ ఉన్న భోజనం పెట్టించాలి. అది మన మసాలా ఉన్న శాకాహారం. ఊరికే వెజిటేరియన్ అంటే ఉడికించిన కూరగాయలు, ఓ పండు వస్తాయి. పెద్దవాళ్ళు మూత తీసి చూసి మళ్ళీ మూత పెట్టేస్తారు.

ఢిల్లీ దారి

దూరంలో దీన్ని మించింది లేదు, భాష ఇబ్బంది ఉండదు, మనదేశపు విమానం. కాగితం మీద ఇదే మొదటి ర్యాంకు. చేతల్లో మాత్రం ఇది నిలకడ లేని దారి. అమెరికా విమాన సంస్థ యునైటెడ్ వాళ్ళు 2019 డిసెంబరులో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో నేరుగా మొదలుపెట్టారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా గగనతలం వాళ్ళకి అందకుండా పోయి ఆపేశారు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకి మూసేసింది, దాంతో ఢిల్లీ నుంచి పడమరకి పోయే మన విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది. 2021 జనవరిలో ఎయిరిండియా బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో నేరుగా మొదలుపెట్టినప్పుడు, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ఉన్న బృందం ఉత్తర ధ్రువం మీదుగా దాన్ని తీసుకొచ్చింది. అదే నెలలో హైదరాబాద్–షికాగో కూడా నేరుగా మొదలైంది. మనకి మంచిరోజులొచ్చాయనుకున్నాం, హైదరాబాద్ విమానం ఎక్కువకాలం నిలవలేదు. ఇలాంటి అతి పొడుగు విమానాలు సంస్థ చేతిలో విమానాలున్నన్నాళ్ళూ, ఆకాశం తెరిచి ఉన్నన్నాళ్ళూ నడుస్తాయి. ఢిల్లీ దారి కొనేవాళ్ళు మధ్యలో ఇంధనం కోసం ఎక్కడైనా దిగుతుందా అన్నది ఆ వారం టికెట్ మీద చూసుకోవాలి.

వచ్చేటప్పుడు ఇంకో పని ఉంది. అమెరికా నుంచి ఢిల్లీలో దిగితే మామూలుగా ఇమిగ్రేషన్ అక్కడే, సామాను తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ హైదరాబాద్ విమానానికి ఇవ్వడమూ అక్కడే. పదహారు గంటల ప్రయాణం తర్వాత ఇరవై మూడు కిలోల పెట్టెలు నాలుగు ట్రాలీ మీదకి ఎత్తడం పెద్దవాళ్ళ పని కాదు. గల్ఫ్, సింగపూర్, హాంకాంగ్ దారుల్లో పెట్టెలు శంషాబాద్ బెల్టు మీదకే వస్తాయి.

అమెరికా వైపు కూడా ఇదే సూత్రం. మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్, మొదట దిగిన ఊళ్ళోనే సామాను. న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి అక్కణ్ణుంచి ఇంకో విమానం పట్టుకునే టికెట్ పదివేలు తక్కువగా కనపడుతుంది. తల్లిదండ్రులకి దాన్ని కొనొద్దు. ఇమిగ్రేషన్ అధికారి అడిగే రెండు ప్రశ్నలకి జవాబు చెప్పి, పెట్టెలు వెతుక్కుని, మళ్ళీ అప్పగించి, భద్రతా తనిఖీ దాటి, ఇంకో టెర్మినల్‌కి పరుగెత్తడమంటే, మొదటిసారి వచ్చిన మనిషికి ఎంత కంగారో ఊహించండి. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే దిగే టికెట్ అయితే ఆ తలుపు అవతలే మీరుంటారు.

ఏ దారైనా రెండు ముక్కలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే చౌక పడుతుంది, నిజమే. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మాత్రం ఎవరికీ బాధ్యత ఉండదు. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో ఎక్కించే పని వాళ్ళది.

శంషాబాద్ బయల్దేరే హాలులో అర్ధరాత్రి దాటాక ఒకసారి చూడండి. కాటా మీద ఇరవై నాలుగున్నర చూపించిన పెట్టెని నేలమీద పరిచి, ఓ కారప్పొడి డబ్బా, గోంగూర పచ్చడి సీసా తీసి పక్క పెట్టెలో సర్దుతుంటారు. ఆ తొందరలో బీపీ మాత్రలు, ఇన్సులిన్ కూడా కౌంటర్లో ఇచ్చేసే పెట్టెలోకి పోతాయి. మందులు, వాటి చీటీ ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి. రోజు సగానికి సగం తిరగబడుతుంది కాబట్టి ఏ మాత్ర ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో డాక్టరుని ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. తూర్పుకి వెళ్తే జెట్‌ల్యాగ్ ఎక్కువంటారు. పన్నెండు గంటల తేడాకి అది పెద్దగా వర్తించదు, ఎటు వెళ్ళినా వారం పాటు రాత్రి రెండింటికి మెలకువ తప్పదు.

నా వరస ఇది. ఇంగ్లీషు రాని, మొదటిసారి వెళ్ళే తల్లిదండ్రులకి దుబాయ్ లేదా దోహా, మూడు గంటల కనెక్షన్, నడవా సీట్లు, వీల్‌చెయిర్. కీళ్ళ నొప్పులుండి కాస్త ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి ఫ్రాంక్‌ఫర్ట్. చంటిపిల్లలుంటే సింగపూర్. సెలవు తక్కువున్న ఉద్యోగస్తులకి హాంకాంగ్. స్టాంపింగ్ గడువు పోయినవాళ్ళు లండన్ జోలికి పోవద్దు. మొదటిసారి చదువుకి వెళ్ళే పిల్లలు ఏ దారైనా తట్టుకుంటారు, ఎన్ని పెట్టెలిస్తారో చూసి కొనుక్కుంటే చాలు. ఢిల్లీ దారి, ఆ నెలలో నేరుగా నడుస్తోందని ఖాయమైతేనే.

తిరుగు టికెట్ తేదీ ఇంట్లోవాళ్ళకి పంపేటప్పుడు మన తేదీ రాసి పంపండి. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో సోమవారం సాయంత్రం 4 గంటలకి ఎక్కినవాళ్ళు, ఇరవై రెండున్నర గంటల ప్రయాణమైతే, శంషాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున 4 గంటలకి. విజయవాడ నుంచి కారు పంపాలంటే మంగళవారం రాత్రి పదిన్నరకల్లా బయల్దేరాలి, డ్రైవర్‌కి బుధవారం అని మాత్రం చెప్పి వదిలేయకండి.